మేనత్త కూర్చునే చోటికి వెలుతురు

పోయిన నెలలో మా చిన్నమ్మాయీ అల్లుడూ నెల్లూరులో ఫ్లాటు చూద్దామని బయలుదేరుతూ, ఇళ్ళ ప్లాన్లు గీసి గీసి కళ్ళద్దాలు దళసరి చేసుకున్న మనిషిని ఇంట్లో పెట్టుకుని బయటివాళ్ళని సలహా అడగడం దేనికని కాబోలు, నన్నూ కారెక్కించుకున్నారు. బిల్డరు ఆఫీసులో చల్లటి గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఒక అమ్మాయి గోడంత తెర మీద ఇంకా పునాది కూడా పడని ఇంటిని చూపించింది. ఆ అమ్మాయి వేలు ఇటు జరిపితే హాల్లోకి పొద్దుటి ఎండ వచ్చింది, అటు జరిపితే అదే ఎండ సాయంత్రపు రంగుకి తిరిగి సోఫా కాళ్ళ నీడలు పొడుగయ్యాయి, గోడ రంగు మార్చమని మా అల్లుడు అడిగితే ఆ రంగు పైకప్పు మీద కూడా లేతగా పడింది. "బాగుంది కదా నాన్నా" అని మా అమ్మాయి అంటే బాగుందన్నాను కానీ, నిజానికి నేను అప్పటికింకా మొదటి బొమ్మ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాను. బొమ్మ అడగడానికీ అది రావడానికీ మధ్య ఒక ఆదివారం పడుతుందని నా ఒంటికి అలవాటైపోయింది. ఇంటికి వచ్చాక కూడా ఆ ఆదివారాలు నన్ను వదల్లేదు. వాటితోపాటు మా మేనత్త కూడా.

మన ఈడు వాళ్ళకి కంప్యూటరు పుట్టుకతో వచ్చింది కాదు, సగం సంసారం గడిచాక ఇంట్లోకి వచ్చి పెత్తనం పుచ్చుకున్నది. నేను పాలిటెక్నిక్‌లో డిప్లొమా ముగించి నెల్లూరులో ఒక ఆర్కిటెక్టు గారి దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరినప్పుడు మా సరంజామా అంతా ఒక పెద్ద బల్ల, ఒక టీ-స్క్వేరు, నల్లసిరా పెన్నులు, తప్పు పడితే గీకడానికి సగం విరిచిన బ్లేడు. ప్లాన్ల నకళ్ళకి అమోనియా ప్రింట్లు తీసిన రోజున ఇంటికెళ్ళి పప్పన్నం కలుపుకున్నా ఆ ఘాటే తగిలేది. ఆ ఆర్కిటెక్టు గారిని మేమందరం సార్ అనేవాళ్ళం. కోపం వస్తే నోట మాట రాక, బల్ల మీద స్కేళ్ళని చిన్నా పెద్దా వరసలో సర్దుకుంటూ కూర్చునే మనిషి. ఆయన అలా స్కేళ్ళు సర్దుతున్నారంటే మేము టీ కొట్టుకి జారుకునేవాళ్ళం. ఆదివారం ఆయన కుటుంబంతో చర్చికి వెళ్ళేవారు, ఆఫీసుకి సెలవు. ఆ సెలవే తర్వాత మా పాలిటి పనిదినం అయింది.

ఎందుకంటే సార్ ఒకసారి ఏదో క్లాసులకని పై ఊరు వెళ్ళి, వస్తూ వస్తూ ఒక సీడీలో వెలుతురు లెక్కలు కట్టే ప్రోగ్రాము పట్టుకొచ్చారు. మామూలు ప్రోగ్రాములాగా దానికి బొత్తాలు లేవు, మెనూలు లేవు, మౌసుతో పనే లేదు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, నువ్వు ఏం చెబుతావో చెప్పు అన్నట్టు కొట్టుకుంటూ ఉండే ఒక చిన్న గీత, అంతే. గదిని దానికి మాటల్లో, అంకెల్లో చెప్పాలి. ఈ గోడ ఈ మూల నుంచి ఈ మూలకి ఉంది, దీనికి వేసిన సున్నం పడిన వెలుతురులో ఇంత భాగం తిరగ్గొడుతుంది, ఆ కిటికీ అద్దం ఇంత వెలుతురుని లోపలికి వదులుతుంది, ఫలానా నెల ఫలానా వేళకి ఆకాశం ఇలా ఉంటుంది అని ఓపిగ్గా టైపు చేసి, చివర ఆదేశం ఇచ్చి ఎంటర్ కొడితే, అది ఒక్కొక్క కిరణం ఎక్కడ పడి ఎక్కడికి చెదిరిందో లెక్కగట్టి, నిజంగా కట్టాక ఆ గదిలో ఎంత వెలుతురు ఉంటుందో అంతే వెలుతురుతో బొమ్మ ఇచ్చేది. అందంగా ఉండాలని ఏదీ కలిపేది కాదు. అబద్ధం చెప్పదని సార్‌కి దాని మీద గొప్ప ప్రేమ.

మొదటి బొమ్మ మాత్రం మా పరువు తీసింది. దాన్ని తయారుచేసినవాళ్ళు పడమటి దేశాల వాళ్ళు కాబట్టి రేఖాంశాలని పడమర వైపుకి లెక్కపెట్టుకున్నారు, తూర్పున ఉన్న మనం మన అంకెల ముందు మైనస్ గుర్తు పెట్టుకోవాలి. సార్ గడియారం లెక్కకి ఆ గుర్తు పెట్టి, ఊరి లెక్కకి పెట్టడం మరిచిపోయారు. మధ్యాహ్నం పన్నెండింటికి నెల్లూరు ఎలా ఉంటుందని అడిగితే కటిక చీకటి వచ్చింది. సార్ కాసేపు స్కేళ్ళు సర్దుకుని, తర్వాత పగలబడి నవ్వారు. ఆ దెబ్బతో మా ఆఫీసులో ఎవరు ఏ అంకె కొట్టినా ఎదుటివాడు మైనస్ పెట్టావా అని అడగడం మర్యాదగా మారిపోయింది.

ఇంకో ఇబ్బంది దాని నెమ్మది. ఒక్క కంప్యూటరుకి అప్పగిస్తే ఒక మంచి బొమ్మకి మంగళవారం మొదలుపెట్టిన పని శుక్రవారానికి కూడా తేలేది కాదు. అప్పుడు సార్ ఆ ప్రోగ్రాముతో వచ్చిన లావుపాటి కాగితాలు చదివి, బొమ్మని గళ్ళుగా కోసి ఒక్కొక్క గడిని ఒక్కొక్క కంప్యూటరుకి పంచే ఆదేశం ఒకటి ఉందని కనిపెట్టారు. ఆఫీసులో ఉన్న కంప్యూటర్లన్నిటినీ వైర్లతో కలిపి, ప్రతిదాని దగ్గరకీ వెళ్ళి అదే ఆదేశం టైపు చేయాలి, చివర ఒక గుర్తు పెడితే ఆ పని తెర వెనక్కి వెళ్ళి తన మానాన తాను సాగుతుంది. అన్నిటికీ కలిపి ఒక చిన్న ఫైలు ఉండేది. ఏ యంత్రమైనా అందులోకి తొంగిచూసి, తర్వాతి గడి ఏదో తెలుసుకుని, అది నేను తీసుకున్నానని గుర్తు పెట్టి పనిలో పడేది. అది ముగించి మళ్ళీ తొంగిచూసేది. ఒకరి గడి జోలికి ఇంకొకరు పోరు, ఎవరూ ఖాళీగా కూర్చోరు. మామూలు రోజుల్లో కంప్యూటర్లు మా డ్రాయింగులకే చాలవు కాబట్టి ఈ పని ఆదివారమే. సార్ శనివారం తాళం నాకిచ్చేవారు, నేను పొద్దున్నే వెళ్ళి మొదలుపెట్టేవాడిని. చర్చి అయ్యాక సార్ ఇస్త్రీ చొక్కాతో, చంకలో బైబిలుతో, ఇంటికి కూడా పోకుండా ఎన్ని గళ్ళు నిండాయో చూడడానికి వచ్చేవారు. వాళ్ళావిడ అన్నం చల్లారిపోతోందని ఫోను చేసి మందలించడం కూడా ఆ ఆదివారాల్లో భాగమే.

ఇక మా మేనత్త. నాన్నకి అక్క. మాది వాకాడు దిగువన సముద్రం మీద బతికే ఊరు, అయితే మా నాన్న పడవెక్కితే కడుపులో తిప్పి వాంతులు చేసుకునే మనిషి కాబట్టి చిన్నప్పుడే అక్కడినుంచి పారిపోయి కోవూరు రైసుమిల్లులో కుదురుకున్నాడు. చేపల ఊళ్ళో పుట్టి నీళ్ళంటే కళ్ళు తిరిగే తమ్ముడిని మా అత్త జీవితాంతం ఆటపట్టిస్తూనే ఉండేది. ఆమె మాత్రం ఊరు వదల్లేదు. మామ సముద్రానికి పోయి తిరిగి రాలేదు, మనిషీ దొరకలేదు, పడవా దొరకలేదు. పిల్లలు లేరు. అప్పటినుంచి చిరిగిన వలలు బాగుచేయడమే ఆమె బతుకు. ఊళ్ళో ఆమెలాంటి ఆడవాళ్ళు ఒక గుంపు ఉండేవాళ్ళు. ఇసుకలో తాటాకు పందిరి కింద కాళ్ళు చాపుకుని కూర్చుని, వలని కాలి బొటనవేలికి తగిలించి బిగలాగి పట్టుకుని, సూదితో తెగిన కన్నుల్ని ఒక్కొక్కటే ముడి వేసుకుంటూ పోయేవాళ్ళు. ఎండాకాలం ఆ పందిరి కింద ఎలాగో సాగేది. వానలు పట్టుకుంటే పందిరి కారి, ఇసుక తడిసి, కూర్చునే చోటు ఉండేది కాదు. ఇళ్ళలో కూర్చుందామంటే తలుపు తీసినా వాన, మూసినా చీకటి, పైగా సన్నటి నైలాను దారం. వాన రోజుల్లో పని లేదు, పని లేకపోతే పొయ్యిలో నిప్పు లేదు. తడవకుండా, దీపం అక్కర్లేకుండా, నలుగురూ కలిసి కూర్చునేందుకు ఒక వెలుతురున్న చోటు కావాలని, అది తన చూపు ఆనుతుండగానే రావాలని ఆమెకి ఆశ. ఆ ఒక్కటే ఆశ.

ఒక తుఫాను తర్వాత ఆ ఊళ్ళకి సాయం చేయడానికి వచ్చిన ఒక ధర్మసంస్థ వాళ్ళ ముందు ఆమె ఈ మాటే చెప్పింది. వాళ్ళు సరేనన్నారు కానీ, ఇలాంటి షెడ్లు కట్టించిన చోటల్లా కరెంటు బిల్లు ఎవరూ కట్టక ఫ్యూజులు పీకేస్తున్నారట, అందుకని కరెంటు లేకుండానే లోపల పని చేసుకునేంత వెలుతురు వస్తుందని ముందే చూపిస్తేనే కడతామన్నారు. అత్త కబురు పెడితే నేను భయపడుతూనే సార్‌కి చెప్పాను. ఆయన పైసా పుచ్చుకోకుండా చేస్తానన్నారు. ఆ ప్రోగ్రాముకి తగిన పని ఇన్నాళ్ళకి దొరికిందని ఆయన ముఖం వెలిగిపోయింది.

సార్‌ని ఊరికి తీసుకెళ్ళిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ఆయన ప్యాంటు మడిచి ఇసుకలో అత్త పక్కనే కూర్చుని, టేపు తీసి, నేల నుంచి ఆమె కంటి వరకూ ఎత్తు కొలిచారు. బొమ్మలన్నీ నిలబడ్డ మనిషి చూసినట్టు తీయడం మా వాళ్ళ అలవాటు, ఇది మాత్రం నేల మీద కూర్చుని వల పట్టుకున్న మనిషి కంటితో ఉండాలన్నారు. అంత పెద్దమనిషి తన ముఖానికి టేపు పెడుతుంటే అత్తకి సిగ్గు, చుట్టూ ఆడవాళ్ళకి నవ్వు. "ఏందిరా మీ సారు, నాకు రవిక కుట్టిస్తాడా ఏంది" అని నన్నడిగింది. తర్వాత ఆమే ఎడమ చేత్తో చూపించి, వెలుతురు ఇటు పక్కనుంచి, చల్లంగా, నీడ సూది మీద పడకుండా రావాలని చెప్పింది.

ఆ రోజే వాళ్ళ పద్ధతి ఒకటి చూశాను. పెద్ద వల ఒకటి వస్తే అందరూ దాని చుట్టూ చేరి తలా ఒక భాగం తీసుకుంటారు. ఒక్కొక్కామె తాను మొదలుపెట్టిన చోట చీర పేలిక ఒకటి కడుతుంది, అది ఆమె భాగమని గుర్తు. అయిపోయాక విప్పేసి తర్వాతి భాగానికి జరుగుతుంది. మధ్యలో ఎవరైనా బిడ్డ ఏడ్చిందనో, కూర మాడుతుందనో లేచిపోతే పేలిక అలాగే ఉంటుంది, ఆమె తిరిగి వస్తుందని మిగతావాళ్ళు ఆ భాగాన్ని ముట్టుకోరు. మా కంప్యూటర్లు బొమ్మని పంచుకునే తీరు అత్తకి చెప్తే, అంత దూరం పోయి చదువుకుని కనిపెట్టింది ఈ పేలికలేనా అన్నట్టు నవ్వింది.

సార్ గీసిన షెడ్డు చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. దాని గొప్పదనమంతా కప్పులో ఉంది. రంపం పళ్ళలాగా ఎత్తుపల్లాలుగా ఉన్న ఆ కప్పులో నిలువుగా ఉండే పక్కలకి అద్దాలు పెట్టి, ఆ అద్దాలన్నీ ఉత్తరం చూసేట్టు పెట్టారు. మన వైపు వానలు పడే నెలల్లోనూ చలి నెలల్లోనూ సూర్యుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు కాబట్టి, ఉత్తరపు అద్దంలోంచి ఎండ రాదు, ఆకాశపు వెలుతురు ఒక్కటే మెత్తగా దిగుతుంది. నడి వేసవిలో సూర్యుడు నెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడని దానికి చిన్న చూరు కూడా పెట్టారు. ఊళ్ళోంచి దారి దక్షిణం నుంచి వస్తుంది కాబట్టి తలుపు అటు పెట్టారు.

సంస్థ వాళ్ళు వచ్చేది సోమవారం. ఆదివారం పొద్దున్నే అన్ని కంప్యూటర్ల దగ్గరా ఆదేశం ఇచ్చి కూర్చున్నాను. మధ్యలో ఇంకో ఆదేశంతో ఇప్పటిదాకా అయిన బొమ్మ చూసుకోవచ్చు. అటొక గడి, ఇటొక గడి, కప్పులో ఒక ముక్క, గోడలో ఒక ముక్క వెలుగుతూ మిగతాది నల్లగా ఉండేది. ఇంతలో కరెంటు పోయింది. యూపీఎస్‌లు కూతపెట్టాయి, నిమిషంలో కరెంటు వచ్చింది కానీ, మూలనున్న కంప్యూటరుకి బ్యాటరీ పాతదై అది ఆరిపోయింది. మిగతావి తమ పని కానిచ్చేశాయి. చివరికి బొమ్మ అంతా వచ్చింది, ఒక్క గడి తప్ప. సరిగ్గా అత్త ఒళ్ళో వల ఉండవలసిన చోట నల్లటి చదరం. ఆరిపోయిన యంత్రం ఆ గడి తనదని గుర్తు పెట్టి పోయింది, మిగతావి మర్యాదగా దాన్ని ముట్టుకోలేదు. అప్పుడే సార్ బైబిలుతో లోపలికి వచ్చి, చూసి, కంగారుపడకుండా కుర్చీ లాక్కుని, ఎవరూ ముగించని గళ్ళని వెతికి మళ్ళీ చేయించే ఆదేశం ఒకటి టైపు చేశారు. సాయంత్రానికి ఆ నలుపు కూడా నిండింది. మేమిద్దరం ఆ బొమ్మ ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. లేని గదిలో, లేని నేల మీద, నిజమైన వెలుతురు పడి ఉంది. నా జీవితంలో నా చేతుల మీదుగా జరిగిన మంచి పని అదేనని ఆ సాయంత్రం అనుకున్నాను.

సంస్థ వాళ్ళు ఆ బొమ్మ చూసి మారు మాట్లాడలేదు, మంజూరు చేశారు. నేను దాన్ని రంగుల్లో ప్రింటు తీయించి, అద్దం కట్టించి అత్తకిచ్చాను. ఆమె దాన్ని దేవుడి పటాల పక్కన తగిలించి, వచ్చినవాళ్ళకల్లా తాను కూర్చునే చోటు వేలు పెట్టి చూపించేది. ఊరంతా ఆ బొమ్మని చూసింది. కానీ బొమ్మలో ఉత్తరం ఎక్కడుందో ఎవరికి కనిపిస్తుంది? డ్రాయింగు మీద బాణం గుర్తుంది, ఆ డ్రాయింగు మేస్త్రీ సంచీలో ఉంది. సార్ గుండె ఆపరేషనుకని పై ఊరు వెళ్ళి నెలల తరబడి అక్కడే ఉండిపోయారు. ఆయన లేని ఆఫీసుని లాగడానికి మేము సతమతమవుతుంటే, కట్టడం పని సంస్థ కుదిర్చిన కాంట్రాక్టరు చేతిలో జరిగిపోయింది.

వానలు తగ్గాక ప్రారంభోత్సవమని కబురు వస్తే, నేను మధ్యాహ్నం వేళకి ఊరు చేరాను. దూరం నుంచే కప్పు కనిపించింది. రంపపు పళ్ళు అటు తిరిగి ఉండాల్సినవి ఇటు తిరిగి ఉన్నాయి. అద్దాలన్నీ నా వైపు, దక్షిణం వైపు, ఎండలో భగభగమంటున్నాయి. లోపల పెద్దమనుషుల ప్రసంగాలు సాగుతున్నాయి, ఆడవాళ్ళు నేల మీద కొంగులు నెత్తికి కప్పుకుని కూర్చున్నారు, ఎండ పట్టీలు పట్టీలుగా వాళ్ళ ముఖాల మీదా ఒళ్ళోని వలల మీదా పడి ఉంది. అత్త తన చోట కూర్చుని, ఎండ మీదకు వచ్చినప్పుడల్లా కాస్త పక్కకు జరుగుతూ, మళ్ళీ జరుగుతూ ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపింది. ప్రసంగాలయ్యాక నా దగ్గరికి వచ్చి, "అబ్బయా, బొమ్మలో ఎలుతురు చల్లంగా ఉండిందే, ఇదేందిరా ఇట్టా మండతా ఉండాది" అని అడిగింది. దీన్ని తిప్పిందెవరత్తా అన్నాను.

"నేనే తిప్పమన్యా" అంది. ముగ్గు పోసిన రోజు తలుపు దక్షిణానికి వస్తోందని ఎవరో అన్నారట. వాళ్ళ పాత ఇంటి తలుపు కూడా దక్షిణానికే. మామ ఆ తలుపులోంచే చివరిసారి బయటికి పోయాడు. మొగుళ్ళని పోగొట్టుకున్న ఇంతమందిమి కూర్చునే చోటికి మళ్ళీ ఆ దిక్కు తలుపు వద్దని ఆమె పట్టుబట్టింది, ఊరి పెద్దలు కూడా నిజమేనన్నారు, కాంట్రాక్టరుకి ఎటైనా ఒకటే కాబట్టి కప్పుతో సహా ప్లానంతటినీ వెనక్కి తిప్పి తలుపు ఉత్తరానికి పెట్టేశాడు. "తలుపే గదరా తిప్పింది. ఎలుతురు బొమ్మలో ఉండేదే గదా, అదెక్కడికి పోతాది" అంది అత్త.

ఎలా చెప్పాలో తెలియక, దారపు ఉండలు వచ్చిన అట్టపెట్టె ఒకటి అక్కడ పడి ఉంటే తీసుకుని, బ్లేడుతో ఒక పక్క చీలిక కోసి, అడుగున చిన్న వల ముక్క పెట్టి, ఆమెని బయట ఎండలో నిలబెట్టి ఇంకో పక్క పొడిచిన చిల్లులోంచి చూడమన్నాను. చీలిక ఉత్తరానికి పెట్టి చూపించాను. తర్వాత పెట్టెని తిప్పాను. అత్త కన్ను తీయకుండా చూసింది. తానే నా చేతిలోంచి పెట్టె లాక్కుని మళ్ళీ ఇటు తిప్పింది, అటు తిప్పింది. తర్వాత పెట్టె దించి, నా ముఖంలోకి చూసి, కోపంగా కాదు, చాలా మెల్లగా అడిగింది. "ఈ పెట్టెని ముందే చూపిచ్చుంటే నేను తిప్పమని చెప్పుంటానా?"

నెల్లూరు వచ్చాక ఆ తిరగేసిన షెడ్డుని కూడా ఒక ఆదివారం అన్ని కంప్యూటర్లకీ పంచి బొమ్మ తీశాను. ఎండ పట్టీలు, కాలిపోతున్న నేల, అత్త కూర్చునే చోట కళ్ళు చెదిరే తెలుపు, నేను ఊళ్ళో చూసింది చూసినట్టు వచ్చింది. మా ఆఫీసులో ఆ ప్రోగ్రాము ఇచ్చిన బొమ్మల్లో నిజంతో పోల్చి చూసుకోగలిగిన బొమ్మ అదొక్కటే, ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. దాన్ని ఎవరికీ చూపించలేదు. సార్ తిరిగి వచ్చాక ఒంట్లో ఓపిక లేకపోయినా, దక్షిణపు అద్దాలకి రేకులు కొట్టి ఉత్తరాన చిన్న అద్దపు కిటికీలు పెట్టడానికి మార్పులు గీశారు. సంస్థ వాళ్ళు ఆ ఊరి పని ముగిసిపోయిందని, ఇంకో జిల్లాకి వెళ్ళిపోయామని మర్యాదగా జవాబు ఇచ్చారు. సార్ స్కేళ్ళు వరసగా సర్దుకుంటూ చాలాసేపు కూర్చున్నారు. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం లేరు. ఆ కంప్యూటర్లు పాత సామాన్లవాడికి పోయాయి, ఆ నల్లటి తెర మీద ఆదేశాలు ఇప్పుడు నా వేళ్ళకి కూడా సరిగ్గా గుర్తులేవు.

ఊళ్ళో ఆడవాళ్ళు ఎండకి ఓర్చలేక ఆ అద్దాల మీద టార్పాలిన్ పట్టలు కట్టుకున్నారు. ఎండ ఆగింది, వెలుతురు కూడా ఆగింది. చీకట్లో కూర్చోలేక మళ్ళీ ఇసుకలో తాటాకు పందిరి కిందికే పోయారు, వానలు వస్తే మళ్ళీ పస్తులు మొదలయ్యాయి. షెడ్డులో ఎవరివో మేత బస్తాలు చేరాయి. తాను తిప్పమన్నందువల్లే ఇలా అయిందని అత్త దాచుకోలేదు, పందిరి కింద అందరి ముందూ తానే చెప్పింది. ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదని నాకు తెలుసు, అయినా ఆమె ఆ తర్వాత వాళ్ళ మధ్య కూర్చోలేదు. రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి కుదిరి, మంచు నీళ్ళలో వేళ్ళు కొయ్యబారిపోయి, చూపు కన్నా ముందు ఆ వేళ్ళే పనికిరాకుండా పోయాయి. నేను వెళ్ళినప్పుడల్లా ఎండు చేపలు మూటగట్టి ఇచ్చేది కానీ, వెలుతురు మాట మా మధ్య మళ్ళీ రాలేదు. ఆ బొమ్మ మాత్రం దేవుడి పటాల పక్కన ఆమె పోయేదాకా అలాగే ఉంది. దాన్ని ఎందుకు తీసెయ్యలేదో నేను అడగలేకపోయాను.

ఇప్పుడు ఆలోచిస్తే, కట్టకముందు మేము ఆ బొమ్మని ఒక్క దిక్కుకే తీశాం. తప్పు దిక్కున ఎలా ఉంటుందో చూపించాలన్న ఊహ మాకు రాలేదు, వచ్చినా తప్పు బొమ్మకి ఖర్చుపెట్టడానికి మా దగ్గర ఇంకో ఆదివారం లేదు. ఈ రోజుల్లో దానికి ఆదివారం అక్కర్లేదు. అత్త పక్కన ఇసుకలో కూర్చుని, అరచేతిలో పట్టే ఫోనులోనే ఆ షెడ్డుని తూర్పుకీ పడమరకీ, ఉత్తరానికీ దక్షిణానికీ ఎన్నిసార్లంటే అన్నిసార్లు తిప్పి, కన్ను మూసి తెరిచేలోపు ఎండ ఎక్కడ పడుతుందో చూపించవచ్చు. కానీ ఆ ఊళ్ళో ఇప్పుడు వల చిరిగితే పారేసి కొత్తది తెచ్చుకుంటున్నారు, పేలిక కట్టే చేతులు ఒక్కటొక్కటే పోయాయి, పందిరి కూడా లేదు. ఎన్ని దిక్కులకైనా తిప్పి చూపించగలను. చూసి, ఇట్టా వద్దు, అట్టా పెట్టమని చెప్పే మనిషి ఆ ఒడ్డున ఒక్కరు కూడా మిగల్లేదు.